కుదురుగా కూర్చోబెట్టడమేనా? – ఆటిజం, వ్యాయామం, తల్లుల శ్రమ

(కాటేదాన్‌లో బస్తీ మహిళలు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడినప్పటి వాడుకను వీలైనంతవరకు అలాగే ఉంచాం.)



ఆటిజం ఉన్న పిల్లల వ్యాయామం గురించి మాట్లాడమని మీరు నన్ను పిలిచినప్పుడు, నిజం చెప్పాలంటే, ముందు నాకే సంకోచం కలిగింది. కాటేదాన్‌లో మాట్లాడుకోవడానికి విషయాలు తక్కువా? పన్నెండు గంటల షిఫ్టులున్నాయి, చేతికి సరిగా రాని కూలి ఉంది, పొగ ఉంది, నీళ్ల గొడవ ఉంది. ఇవన్నీ పెట్టుకుని, గచ్చిబౌలి జిమ్ముల్లో వినిపించే ‘పర్సనల్ ట్రైనింగ్’ లాంటి మాటను ఇక్కడికి తేవడం సబబేనా అనుకున్నాను. తర్వాత ఈ చుట్టుపక్కల బస్తీల్లో కొందరు తల్లులతో కూర్చుని మాట్లాడాక నా సంకోచమే తప్పని అర్థమైంది. ఇది సోకుల విషయం కాదు. కొన్ని ఇళ్లలో ఇది ప్రాణాల విషయం.

ఒక తల్లి మాటలు చెప్తాను. ఆమె ప్లాస్టిక్ సామాను ప్యాకింగ్ చేసే చోట పనిచేస్తుంది. కొడుక్కి పదమూడేళ్లు. మాటలు లేవు. ఆమె అన్నది: “మా పిల్లగాడు ఉరుకుతడు మేడం. ఆగమంటే ఆగడు. చిన్నగున్నప్పుడు సంకనెత్తుకుంటుంటి. ఇప్పుడు నాకంటె ఎత్తయిండు. వాని ఎంబడి నేను ఉరకలేను. అందుకే చున్నీతోని మంచానికి కట్టేసి డ్యూటీకి పోతున్న. నా పానం కొట్టుకుంటది గని ఏం జెయ్యాలె?”

అప్పుడు నేనొక పొరపాటు చేశాను. చదువుకున్నవాళ్లం తరచూ చేసే పొరపాటే. “రోజూ ఒక అరగంట ఇంట్లోనే వ్యాయామం చేయించవచ్చు కదమ్మా” అన్నాను. ఆమె నవ్వింది. “ఏడ చేపియ్యాలె మేడం? ఈ అర్రల మేం నలుగురం పండుకుంటె కాళ్లు చాపనీకి జాగ లేదు. మా ఆయన రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పండుకుంటడు. వీడు ఎగిరితె కిందింటోళ్లు కొట్లాటకొస్తరు” అన్నది.

ఆ నవ్వుకు జవాబు వెతకడమే ఈ ప్రసంగం అనుకోండి.

తల్లి మీద వేసిన నింద

ఆటిజం జబ్బు కాదు, పిచ్చి కాదు, గాలి సోకడం కాదు. పుట్టుకతోనే మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా. ఇతరులతో కలవడం, మాట్లాడటం, చుట్టూ ఉన్న చప్పుళ్లను, వెలుతురును, తాకిడిని తట్టుకోవడం ఈ పిల్లలకు మనలాగా ఉండదు. కొందరికి మాటలు రావు. కొందరు గలగలా మాట్లాడతారు గాని ఎదుటివాళ్ల మనసులో మాట పట్టుకోలేరు. ఒకే పనిని, ఒకే కదలికను మళ్లీ మళ్లీ చేయడం వాళ్లకు ఊరట. చేతులు ఆడించడం, గుండ్రంగా తిరగడం, వేలి కొసల మీద నడవడం మీలో చాలామంది చూసే ఉంటారు.

ఈ తేడాను గురించి వైద్యశాస్త్రం రాసుకున్న చరిత్రలో స్త్రీలకు ఏ చోటు దక్కిందో ఒకసారి చూడాలి. 1925లోనే సోవియట్ రష్యాలో గ్రూన్యా సుఖరేవా అనే స్త్రీ వైద్యురాలు ఇలాంటి పిల్లల గురించి వివరంగా రాశారు. ఆమె పేరు చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 1943లో అమెరికాలో లియో కానర్ పదకొండు మంది పిల్లల గురించి రాసిన వ్యాసమే మొదటిదిగా పేరుపొందింది. 1949లో ఆ కానరే, ఈ పిల్లలు ఫ్రిజ్‌లో పెట్టినట్టు చల్లని ఇళ్లలో పెరిగారన్న అర్థంలో రాశారు. ఆ మాట నుంచే ‘ఫ్రిజ్ లాంటి తల్లి’ అన్న నింద పుట్టింది. తల్లి ప్రేమించలేదు కాబట్టి బిడ్డ ఇలా అయ్యాడట! 1964లో బెర్నార్డ్ రిమ్లండ్ ఇది తప్పని పుస్తకం రాశారు. ఆయన మనస్తత్వ శాస్త్రవేత్త, ఆటిజం ఉన్న కొడుకుకు తండ్రి కూడా. అయినా 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ రాసిన పుస్తకం ఆ నిందకు మళ్లీ ప్రాణం పోసింది. 1969లో కానర్ తల్లిదండ్రుల సభకు వచ్చి, మీ తప్పేమీ లేదని చెప్పవలసి వచ్చింది.

అది అమెరికా కథ అనుకుని ఊరుకోకండి. మన దగ్గర ఆ నిందకు వేరే బట్టలు తొడిగారు, అంతే. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందనో, ఫోను చేతికిచ్చి వదిలేసిందనో, పనికి పోయి బిడ్డను పట్టించుకోలేదనో అంటారు. మొగుడు రెండో పెళ్లికి దాన్నే సాకు చేసుకుంటాడు. తాయెత్తులు, మొక్కులు, జహంగీర్ పీర్ దర్గాకు నడక, అన్నీ ఆమెవే. తండ్రిని “నువ్వేం చేశావు?” అని అడిగినవాళ్లను నేను చూడలేదు.

బ్రిటన్‌లో లోర్నా వింగ్, ఢిల్లీలో మెర్రీ బరువా తాము ఆటిజం ఉన్న పిల్లల తల్లులై ఉండి ఈ విషయంలో దారి చూపారు. ఆటిజం ఒకే అచ్చు కాదని, ఎన్నో ఛాయలున్న విస్తృతి అని ప్రపంచానికి నేర్పింది వింగ్. 1991లో ‘యాక్షన్ ఫర్ ఆటిజం’ సంస్థను మొదలుపెట్టింది బరువా. నింద మోసిన తల్లులే జ్ఞానాన్నీ తయారు చేశారు. ఇది మనం గర్వంగా గుర్తుపెట్టుకోవాలి.

ఒంటిని ఎవరు పట్టించుకున్నారు?

ఆటిజం అనగానే అందరం మాటల గురించి ఆలోచిస్తాం. స్పీచ్ థెరపీ అంటాం, చదువు అంటాం, అన్నిటికంటే ముందు “కుదురుగా కూర్చోవడం” అంటాం. బల్ల ముందు కుర్చీలో కదలకుండా కూర్చుంటే పిల్ల బాగుపడినట్టు లెక్క. ఒంటి సంగతి ఎప్పుడు వస్తుందంటే, ఆ ఒళ్లు పెరిగి పెద్దదై మనల్ని నెట్టినప్పుడు.

నిజానికి ఈ పిల్లల్లో చాలామందికి కదలికల్లోనే ఇబ్బంది ఉంటుంది. బంతి పట్టుకోలేరు. ఒంటికాలి మీద నిలబడలేరు. మెట్లు దిగేటప్పుడు తడబడతారు. కండరాలు మెత్తగా ఉండి తొందరగా అలసిపోతారు. ఆటల్లో రూల్సు అర్థం కావు, అరుపులు భరించలేరు, అందుకని తోటి పిల్లలు చేర్చుకోరు. చేర్చుకోరు కాబట్టి ఆడరు, ఆడరు కాబట్టి ఒళ్లు ఇంకా వెనకబడుతుంది. దీనికి తోడు మందులు. చిరాకు, కోపం తగ్గడానికి రాసే రిస్పెరిడోన్ లాంటి మందులతో ఆకలి పెరుగుతుంది, బరువు పెరుగుతుంది. మందు అవసరమైనవాళ్లకు అవసరమే, దాన్ని మీరు సొంతంగా ఆపకండి. కానీ మందు రాసిన చేతితోనే “ఈ బిడ్డ రోజూ ఎక్కడ ఆడుతుంది?” అని అడగాలి కదా.

2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శారీరక శ్రమ గురించి సూచనలు ఇచ్చినప్పుడు, వికలాంగుల కోసం మొదటిసారి విడిగా సూచనలు చేర్చింది. పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాలు, పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు. అందరికీ చెప్పిన లెక్కే వాళ్లకూ. అంతకుముందు ఆ లెక్కలో వాళ్లు విడిగా కనిపించనే లేదు.

వ్యాయామం వల్ల ఆటిజం పోదు. పోతుందని ఎవరైనా డబ్బులు అడిగితే నమ్మకండి. పోవలసిన అవసరమూ లేదు. చేతులు ఆడించే బిడ్డ చేతులు ఆడిస్తే ఎవరికి నష్టం? వ్యాయామం ఇచ్చేది వేరు. కండకు బలం వస్తుంది, నడకకు నిలకడ వస్తుంది, చాలామంది పిల్లలకు నిద్ర మెరుగవుతుంది, కాసేపైనా మనసు నెమ్మదిస్తుంది. తన ఒంటి మీద తనకు అదుపు వస్తుంది. స్త్రీవాదులుగా మనం దశాబ్దాలుగా అడుగుతున్నదీ అదే కదా. ఎవరి ఒంటి మీద వాళ్లకు అధికారం ఉండాలనే కదా.

దీనికి ఒక చరిత్ర ఉంది. జపాన్‌లో కియో కిటహారా అనే ఉపాధ్యాయిని 1964లో టోక్యో దగ్గర ఒక కిండర్‌గార్టెన్ మొదలుపెట్టి, ఆటిజం ఉన్న పిల్లలను మిగతా పిల్లలతో పాటు చేర్చుకుంది. పరుగు, వ్యాయామం ఆమె పద్ధతికి పునాది. 1987లో అమెరికాలోని బోస్టన్ దగ్గర కూడా ఆ బడి వెలిసింది. గుంపుతో పాటు గుంపుగా నడవాలన్న ఆమె పట్టుదల అందరు పిల్లలకూ సరిపోతుందా అన్న అనుమానం నాకుంది. కానీ ఒంటిని పక్కన పెట్టకుండా, అక్కడి నుంచే మొదలుపెట్టాలన్న ఆలోచన ఆమెది. అమెరికాలో యూనిస్ కెన్నెడీ ష్రైవర్ 1962లో తన ఇంటి పెరట్లో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు ఆటల శిబిరం పెట్టింది. అదే 1968లో షికాగోలో మొదటి స్పెషల్ ఒలింపిక్స్ అయింది. ఆమె అక్క రోజ్‌మేరీ అలాంటి వైకల్యంతో సంస్థలో బతికిన స్త్రీ. ఇక్కడ కూడా స్త్రీల అనుభవం నుంచే దారి పుట్టింది.

చింతగింజలు, ఇసుక సంచి

మరి ‘అనుకూలించిన వ్యాయామం’ అంటే ఏమిటి? పిల్లను వ్యాయామానికి తగ్గట్టు మార్చడం కాదు, వ్యాయామాన్ని పిల్లకు తగ్గట్టు మార్చడం. నేను కొన్ని నెలల పాటు దగ్గరగా చూసిన ఒక చిన్న ప్రయత్నం చెప్తాను. ఒక బస్తీ కమ్యూనిటీ హాలులో వారానికి మూడు సాయంత్రాలు, ఫిజియోథెరపీ చదివిన ఒక అమ్మాయి, నలుగురైదుగురు తల్లులు కలిసి చేసింది. నేను మొదట చెప్పిన అబ్బాయి కూడా అక్కడికి వచ్చాడు.

అక్కడ యంత్రాలు లేవు. రెండు కిలోల ఇసుక సంచులు, ఒక తాడు, నేల మీద సుద్దముక్కతో గీసిన పాదాల గుర్తులు, రెండు రంగుల గుడ్డలు, ఒక పాత టైరు. గోడ మీద వరసగా నాలుగు బొమ్మలు: సంచి ఎత్తడం, సంచి మోసుకుంటూ నడవడం, తాడు లాగడం, కూర్చుని నీళ్లు తాగడం. ప్రతిరోజూ అదే వరస. ఒక పని అవగానే ఆ బొమ్మ తీసి డబ్బాలో వేస్తారు. ఇంకెంత మిగిలిందో పిల్లవాడికి కంటికి కనిపిస్తుంది. మాటలు చెవిలో నిలవని పిల్లలకు కంటికి కనిపించేది నిలుస్తుంది. బొమ్మలతో, క్రమంతో నేర్పే ఈ పద్ధతిని అమెరికాలోని నార్త్ కరోలినాలో ఎరిక్ షాప్లర్ బృందం 1970లలో తల్లిదండ్రులను తోటి శిక్షకులుగా చేర్చుకుని పెంచింది.

లెక్కకు చింతగింజలు. “పదిసార్లు చెయ్” అంటే పది ఎంతో తెలియదు. గిన్నెలో ఐదు గింజలు పెడతారు. సంచి ఒకసారి ఎత్తితే ఒక గింజ పక్క గిన్నెలోకి. గింజలు అయిపోతే పని అయిపోయినట్టు. మొదలు తెలియాలి, అంతకంటే ముఖ్యంగా అంతు తెలియాలి. ఎప్పుడు ముగుస్తుందో తెలియని పని ఎవరికైనా శిక్షే. ఫ్యాక్టరీలో ఓవర్‌టైం చేసే మీకు ఇది నేను చెప్పనక్కరలేదు.

మొదటి రోజు ఆ అబ్బాయి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఎవరూ లాగలేదు. రెండో వారం లోపలికి వచ్చి గోడ పట్టుకుని నడిచాడు. ఫ్యాను చప్పుడు అతనికి పడటం లేదని గమనించింది వాళ్ల అమ్మే. ఫ్యాను ఆపేశారు. మూడో వారం సంచి ఎత్తాడు. మొదట ఒక్క గింజే. అప్పుడు తల్లి చప్పట్లు కొట్టబోతే ఆ అమ్మాయి ఆపింది, “గట్టిగా చప్పుడు చేస్తే మళ్లీ ఎత్తడు అక్కా” అని. మెచ్చుకోవడం కూడా పిల్లకు తగ్గట్టు ఉండాలన్నమాట.

అన్నిటికంటే ముఖ్యమైంది ఆగడం నేర్పడం. పచ్చ గుడ్డ దగ్గర పరుగు మొదలు, ఎర్ర గుడ్డ దగ్గర ఆగడం. మొదట తల్లి చేయి పట్టుకుని ఇద్దరూ కలిసి పరుగెత్తి కలిసి ఆగారు. తర్వాత చేయి వదిలారు. ఆ తర్వాత గుడ్డను కొంచెం కొంచెం జరుపుతూ హాలు గుమ్మం దగ్గర పరిచారు. చివరికి బయట సందు మలుపులో పరిచారు. ఆరాంఘర్ నుంచి శంషాబాద్ పోయే హైవే పక్కన బతికే పిల్లవాడికి ‘ఆగు’ అన్నది ఒంటికి తెలియడం ప్రాణాలు కాపాడే విషయం. ఆ తల్లి తర్వాత ఒకరోజు అన్నది: “ఇంక మాట్లాడడు మేడం. గని నేను ఎర్ర చున్నీ చూపెడితె నిలవడుతుండు. రాత్రి పండుకుంటుండు. నేను గూడ పండుకుంటున్న.”

కార్యకర్తలకు కొన్ని జాగ్రత్తలు చెప్పి ముందుకు పోతాను. ఆటిజం ఉన్నవాళ్లలో కొందరికి మూర్ఛ ఉంటుంది, అందుకని డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. దాహం, నొప్పి, ఎండ దెబ్బ వాళ్లు చెప్పుకోలేకపోవచ్చు, కొన్నిసార్లు వాళ్లకే తెలియకపోవచ్చు. అడిగినప్పుడు కాదు, గడియారం చూసి నీళ్లు ఇవ్వాలి. విజిలు, డప్పు వద్దు. అల్లరి చేశాడని గుంజీళ్లు తీయించి వ్యాయామాన్ని శిక్షగా మార్చవద్దు. పిల్ల “వద్దు” అనే హక్కు ఉండాలి. మాట లేకపోతే ఆ ‘వద్దు’కు కూడా ఒక బొమ్మ ఉండాలి. బరువు మోయడం వ్యాయామమే, కానీ దాని పేరుతో ఆ పిల్లవాడిని గోదాములో మూటలు మోయించే పనికి పంపితే అది బాలకార్మికత్వమే.

జాగా ఎక్కడ?

ఇక్కడి నుంచి ఎంతో దూరం లేని శివరాంపల్లిలో జాతీయ పోలీస్ అకాడమీ ఉంది. 1975లో హైదరాబాదుకు వచ్చింది. దేశం తన అధికారుల ఒళ్లను గట్టిపరచడానికి మైదానాలు, శిక్షకులు, నెలల కాలం కేటాయిస్తుంది. తప్పని నేను అనడం లేదు. ఒంటికి శిక్షణ కావాలని, దానికి స్థలం, మనిషి, సమయం కావాలని రాజ్యానికి బాగా తెలుసని మాత్రమే అంటున్నాను. ఎవరి ఒంటికి అన్నదే ప్రశ్న.

కాటేదాన్‌లో ఆడుకోవడానికి నేల దొరికినా ఆ నేల ఎలాంటిది? జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ పారిశ్రామికవాడ మట్టిని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. సీసం, క్రోమియం, నికెల్, ఆర్సెనిక్ వంటివి ఎక్కువగా ఉన్నాయని తేల్చారు. దీనివల్లనే ఆటిజం వస్తుందని నేను చెప్పడం లేదు, అలా చెప్పి తల్లులను భయపెట్టడం మరో అన్యాయం. కానీ సీసం ఏ పిల్లల మెదడుకైనా హాని చేస్తుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరు మట్టి, సున్నం, రంగుపెచ్చులు నోట్లో పెట్టుకుంటారు. కాబట్టి వాళ్లకు ప్రమాదం ఎక్కువ. ఇక్కడ వ్యాయామం అంటే కింద చాపో రబ్బరు పరుపో పరచడం, చేతులు కడగడం కూడా అందులో భాగమే. శుభ్రమైన నేల కోసం చేసే పోరాటం ఈ పిల్లల పోరాటం కూడా.

ఇంకొకటి, నీళ్లు. ఈ పిల్లల్లో చాలామందికి నీళ్లంటే విపరీతమైన ఇష్టం, ప్రమాదం తెలియదు. ఇల్లు దాటి వెళ్లిపోయే అలవాటు ఉన్నవాళ్లకు నీళ్లలో మునిగిపోయే ప్రమాదం ఎక్కువ. నూర్ మహమ్మద్ కుంట ఒడ్డున బతికే తల్లులకు ఆ భయం తెలుసు. ఈత నేర్పడం ఈ పిల్లలకు సరదా కాదు, రక్షణ. అయితే ఈత నేర్పే కొలను ఎక్కడుంది, దాని రుసుము ఎంత?

ఆ కమ్యూనిటీ హాలు సంగతి చెప్పలేదు కదా. ఐదు నెలలు నడిచాక ఒకరోజు తాళం వేసి ఉంది. సాయంత్రాలు ఫంక్షన్లకు అద్దెకు ఇస్తున్నామన్నారు. తల్లులు వెళ్లి అడిగితే “మీకు దయతో ఇచ్చాం కదమ్మా ఇన్నాళ్లు” అన్నారు. ఆ అబ్బాయి కొన్ని వారాల పాటు సాయంత్రం కాగానే ఇసుక సంచి పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడేవాడట. ఆ సంగతి చెప్పినప్పుడు ఆమె గొంతు పూడుకుపోయింది. దయతో ఇచ్చినదాన్ని ఏ రోజైనా తీసేసుకోవచ్చు. హక్కు అయితే కారణం చెప్పవలసి ఉంటుంది.

ఆడపిల్లల సంగతి

మీరు గమనించే ఉంటారు, నేను ఇంతవరకు అబ్బాయి గురించే చెప్పాను. ఎందుకంటే ఆ హాలుకు వచ్చింది దాదాపు అందరూ అబ్బాయిలే. ఆటిజం నలుగురు అబ్బాయిలకు ఒక అమ్మాయిలో ఉంటుందని పాత లెక్క. మూడుకు ఒకరికి దగ్గరగా ఉంటుందని 2017లో వచ్చిన ఒక సమీక్ష చెప్పింది. చాలామంది అమ్మాయిల్లో గుర్తించనే గుర్తించరు. తలవంచుకుని మాట్లాడకుండా మూలన కూర్చుంటే “మంచి పిల్ల” అంటాం కదా! పితృస్వామ్యం ఆడపిల్లకు నేర్పే వినయం వెనక ఆటిజం దాక్కుంటుంది.

ఉందని తెలిసిన అమ్మాయిని పెద్దమనిషి కాగానే గదిలో పెడతారు. పదిహేనేళ్ల అమ్మాయి ఉన్న ఒక తల్లిని హాలుకు తీసుకురమ్మంటే “ఎగురుతుంటె చున్నీ నిలవదు, మగపిల్లలు చూస్తరు” అన్నది. ఆమె భయం అబద్ధం కాదు. ఆ భయానికి గది తలుపు మూయడమే జవాబు అవుతోంది. 1994లో పుణెలో ఏం జరిగిందో మనలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. శిరూర్‌లోని హాస్టల్లో ఉన్న బుద్ధిమాంద్యం గల అమ్మాయిలకు, నెలసరి శుభ్రత చూసుకోలేరన్న సాకుతో గర్భసంచులు తీసేశారు. మహిళా సంఘాలు గొంతెత్తితే తప్ప ఆగలేదు. ఆ ఒంటికి నేర్పవచ్చన్న ఆలోచనే రాలేదు, కోసేయవచ్చన్న ఆలోచన వచ్చింది. గుడ్డ మార్చుకోవడం కూడా బొమ్మల వరసతో, ఓపికతో నేర్పగల పనే. 2016 చట్టం పదో సెక్షన్ ఇప్పుడు స్పష్టంగా చెప్తోంది: వికలాంగుల స్వేచ్ఛాయుత సమ్మతి లేకుండా సంతానశక్తిని తీసేసే ఏ వైద్యమూ చేయకూడదు.

వ్యాయామం నేర్పేటప్పుడు చేయి వేయక తప్పదు, నడుము పట్టుకోక తప్పదు. కాబట్టి ఇక్కడ కొన్ని కట్టుబాట్లు ఉండాలి. మూసిన గదిలో ఒంటరిగా శిక్షణ వద్దు, తలుపు తెరిచి ఉండాలి. తాకే ముందు చూపించి, అడిగి, పిల్ల చేయి ముందుకు చాచాకనే తాకాలి. అమ్మాయిలకు వీలైనంతవరకు స్త్రీ శిక్షకులే ఉండాలి. అబ్బాయిలకు కూడా ఇదే జాగ్రత్త అవసరం. వైకల్యాన్ని ఆసరా చేసుకుని పిల్లల మీద చేసే లైంగిక దాడిని 2012 పోక్సో చట్టం మరింత తీవ్రమైన నేరంగా చూస్తుంది. అయితే చట్టం నేరం జరిగాక వస్తుంది. ‘వద్దు’ అని ఒంటితో చెప్పడం, చేయి తోసేయడం, అక్కడి నుంచి కదిలి వెళ్లడం, ఇవి ముందే నేర్పాలి. ‘కుదురుగా కూర్చో, చెప్పినట్టు విను’ అని మాత్రమే నేర్పిన బిడ్డ ఎవరు చెప్పినా వింటుంది. ఆ విధేయతకు ఎంత ప్రమాదం ఉందో ఆలోచించండి.

చట్టం కాగితం మీద

1995 వికలాంగుల చట్టంలో ఆటిజం అన్న మాటే లేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టంలో మొదటిసారి చోటు దొరికింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ఆ చట్టం 16వ సెక్షన్ ప్రకారం విద్యాసంస్థలు ఈ పిల్లలకు ఆటలు, వినోదంలో మిగతావారితో సమానంగా అవకాశం ఇవ్వాలి. 30వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వాలు, క్రీడా సంస్థలు వాళ్లకు తగ్గట్టు కార్యక్రమాలను, వసతులను మార్చాలి, నిధులు కేటాయించాలి. డ్రిల్లు పీరియడ్లో ఆ పిల్లను తరగతి గదిలోనే ఉంచి బ్యాగులకు కాపలా పెట్టే బడులు ఈ సెక్షన్లను చదవలేదు. చదివించడం మన పని.

ముందు సర్టిఫికెట్ కావాలి. ఆటిజాన్ని కొలిచే భారతీయ కొలమానాన్ని తయారుచేసింది మన సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థే. అది 1984లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థగా మొదలైంది, ఆ తర్వాత పేరు మార్చుకుంది. కొలమానంలో 40 ప్రశ్నలున్నాయి. 40 శాతం వైకల్యం అని సర్టిఫికెట్ ఉంటేనే పింఛను. తెలంగాణలో ఆ పింఛనును 2023లో 4,016 రూపాయలు చేశారు. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా కింద థెరపీ ఖర్చులతో సహా ఏడాదికి లక్ష రూపాయల దాకా వస్తుంది. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, అక్కడికి ఫిజియోథెరపిస్టు వస్తారు. ఇవన్నీ ఉన్నాయని తెలియని తల్లులే నాకు ఎక్కువమంది కనిపించారు. తెలిసినవాళ్లు కూడా ఒక సంతకం కోసం ఎన్ని కూలి రోజులు పోగొట్టుకోవాలో లెక్క వేసుకుని మానేశారు.

ఒక మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి. ఈ వ్యాయామాన్ని తల్లి నెత్తిన మరో బరువుగా పెట్టడానికి నేను రాలేదు. ఆమె ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, ఇంట్లో వండుతుంది, నీళ్లు మోస్తుంది. ఇప్పుడు ఫిజియోథెరపిస్టు, స్పీచ్ టీచరు, ట్రైనరు కూడా ఆమే కావాలా? ‘తల్లే మొదటి గురువు’ అని పొగిడి ప్రభుత్వం, సమాజం, తండ్రి అందరూ తప్పుకోవడం మనకు తెలిసిన మోసమే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ముప్పై మందికి మించి స్త్రీలు పనిచేసే చోట క్రెష్ ఉండాలన్నది. అదీ ఆరేళ్లలోపు పిల్లలకు. పదమూడేళ్ల వయసులోనూ కనిపెట్టుకుని ఉండవలసిన బిడ్డ ఉండవచ్చని ఆ చట్టం ఊహించలేదు. 2016 చట్టం 24వ సెక్షన్లో, ఎక్కువ సాయం అవసరమైనవాళ్లకు సంరక్షకుల భత్యం అని రాశారు. దాంతో పాటే ‘ప్రభుత్వ ఆర్థిక స్తోమతను బట్టి’ అని కూడా రాశారు. తల్లి శ్రమకు మాత్రం ఆ స్తోమత హద్దు ఎవరూ పెట్టలేదు!

అందుకని మనం అడగవలసినవి ఇవి. బస్తీ కమ్యూనిటీ హాళ్లలో, పార్కుల్లో వారానికి కొన్ని గంటలు ఈ పిల్లల పేరున రాతపూర్వకంగా కేటాయించాలి. భవిత కేంద్రాల ఫిజియోథెరపిస్టులకు ఆటిజం గురించి, బడి పీఈటీలకు అనుకూలించిన వ్యాయామం గురించి శిక్షణ ఇవ్వాలి. బస్తీ అమ్మాయిలకే ఈ పని నేర్పి జీతం ఇవ్వాలి. జీతం అంటున్నాను, గౌరవ వేతనం అనడం లేదు. గౌరవం పేరుతో తక్కువ డబ్బు ఇవ్వడం ఎలా ఉంటుందో అంగన్‌వాడీ అక్కలను అడగండి. సర్టిఫికెట్ శిబిరాలు సెలవు రోజున, బస్తీలోనే పెట్టాలి. వారంలో ఒక సాయంత్రమైనా తండ్రులు రావాలి. ఇది ప్రభుత్వాన్ని కాదు, మన ఇళ్లలో అడగాలి.

మరొకటి మనల్ని మనమే అడగాలి. నేను ఇరవై ఏళ్లుగా మహిళా సంఘాల సమావేశాలకు వెళ్తున్నాను. ఆటిజం ఉన్న పెద్ద వయసు స్త్రీని ఎన్ని వేదికల మీద చూశాను? ఒక్క వేదిక మీద కూడా చూడలేదు. వాళ్ల తల్లులు సమావేశానికి రావాలంటే బిడ్డను ఎక్కడ వదలాలో మనం ఎప్పుడైనా ఆలోచించామా? ఈ రోజు ఈ హాలు వెనక గదిలో ఫ్యాను ఆపి, చాప పరిచి, ఇద్దరు కార్యకర్తలు పిల్లలతో ఉన్నారు. అందుకే కొందరు తల్లులు ఇక్కడ కూర్చోగలిగారు. ఇది చిన్న విషయం కాదు. మన ప్రతి సమావేశంలో ఇది నియమం కావాలి.

మొదట చెప్పిన తల్లి కూడా ఇక్కడే ఉంది. పేరు చెప్పవద్దంది, చెప్పను. వచ్చేముందు ఆమెను అడిగాను, సభలో నీ మాటగా ఏం చెప్పమంటావని. “తాళం తీయిమని చెప్పు మేడం” అన్నది.

ఈ సమావేశం ముగిశాక, ఆ తాళం తీయించే వినతిపత్రం మీద సంతకాలు చేయడానికి బల్ల దగ్గర ఆగి వెళ్లమని కోరుతున్నాను. పత్రం ఇవ్వడానికి అందరం కలిసే వెళ్దాం, పిల్లల్ని కూడా తీసుకుని.

సెలవు.